నగరి గొంతు

పట్టుచీరలు గాలికి ఆరేద్దామని బీరువా తలుపు తీశాను. నాఫ్తలిన్ ఉండల వాసన గుప్పున కొట్టింది. నాకది చీరల వాసన కాదు, పియానో వాసన. చిత్తూరులో మా సలోమి టీచరమ్మ పియానో మూత ఎత్తినప్పుడల్లా ఈ వాసనే వచ్చేది. లోపల తీగల్ని కొట్టే సుత్తుల ఉన్నికి పురుగు పట్టకుండా ఆమె ఆ ఉండల్ని చిన్న గుడ్డమూటల్లో కట్టి వేలాడదీసేది. ఇవాళ తిరుపతిలో పిల్లలకు సంగీతం చెప్పుకుని బతుకుతున్నానంటే, ఆ మూత నాకోసం కూడా తెరిచినందుకే.

మాది నగరి. ఇంట్లోనే మరమగ్గాలు. ఆ మోతలో పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటమంటే ఏమిటో తెలియదు. మంచినీళ్లు అడిగినా పోట్లాటకు వచ్చినట్టే ఉంటుంది. ఇంటర్ చదవడానికి చిత్తూరులో మేనత్త ఇంట్లో దిగాను. అదే వీధిలో టీచరమ్మ ఇల్లు. ఆదివారం చర్చిలో పియానో వాయించేది ఆమే, మిగతా రోజుల్లో ఇంట్లో పిల్లలకు నేర్పేది. ఆ కిటికీ దగ్గర రోజూ ఆగి ఆగి, చివరికి గడపలో నిలబడి నాకూ నేర్పుతారా అని అడిగాను. ఆమె రెండు చెవులూ మూసుకుంది.

“ఈడనే ఉండాను కదమ్మా, అంత అరుపెందుకు? మీ ఇంట్లో మగ్గాలుండాయా?”

“ఉండాయి టీచరమ్మా.”

“అయితే నీ తప్పు కాదులే. రా, కూర్చో.”

మాట ఎలాగో వేళ్లూ అలాగే. నేను వాయిస్తుంటే పక్కింటివాళ్లు తలుపు కొడుతున్నారేమో అనుకునేవారట. ఆమె నాచేత ఒకే ఒక్క మెట్టు నొక్కించి, కళ్లు మూసుకోమనేది. “అది పూర్తిగా ఆగిపోయేదాకా ఇను. ఆగినాక ఇంగోటి.” మగ్గం మోత కరెంటు పోతే ఠక్కున ఆగిపోతుంది, అంతే. శబ్దం మెల్లమెల్లగా సన్నబడి ఆగుతుందని నాకు అక్కడే తెలిసింది. ఎన్నో సాయంత్రాలు వాయించిందానికంటే విన్నదే ఎక్కువ.

మతం మారుస్తారేమోనని నాయనకు గుబులు. ఒకరోజు బస్సెక్కి వచ్చేశాడు. టీచరమ్మ కాఫీ ఇచ్చి, “మీ దేవుళ్ల జోలికి నేను పోనప్పా. మీ పాప చెవులు బాగు చేస్తా ఉండాను, అంతే” అంది. నాయన కాఫీ తాగి తిరిగి వెళ్లి, మా మగ్గం మీద నేసిన గుడ్డ ఒకటి పంపాడు. అప్పటినుంచి పియానో మీద ఎప్పుడూ ఆ గుడ్డే కప్పి ఉండేది.

ఆ చర్చిలో వెనక బెంచీల ముసలమ్మలు ప్రతి పాదం చివరా సాగదీసి పాడతారు. ముందువాళ్లు ముగించాక కూడా వాళ్ల రాగం వినిపిస్తూనే ఉంటుంది. టీచరమ్మ వాళ్లకోసం ఆగేది. “వాళ్ల దమ్ము అయిపోయేదాకా నా వేలు లేయదు. పాట తొందరపడితే ముసలోళ్లు యాడికి పోవాల?” అనేది.

నేను చదువు ముగించి చిత్తూరులోనే ఒక బడిలో సంగీతం టీచరుగా చేరాను. ఆ తరువాత కొన్నేళ్లకు ఆమె చెవులు మందగించాయి. కుక్కరు కూస్తుంటే ఇంకా కూయలేదేమని నన్ను అడిగింది. చెవి మిషను పెట్టుకుంటే చర్చిలో ఫ్యాన్ల మోత తప్ప ఏమీ తెలిసేది కాదట. వెనకవాళ్లు ఒక పాదం ముగించకముందే ఆమె తరువాతి పాదంలోకి వెళ్లిపోయేది. ముసలమ్మల్లో ఒకరిద్దరు తప్ప అందరూ ఒక్కొక్కరే పాడటం మానేసి పుస్తకాలు మూసుకున్నారు. సంఘపెద్ద ఇంటికి వచ్చి మర్యాదగానే చెప్పాడు. “మీరింక రెస్టు తీసుకోండి టీచరమ్మా. కీబోర్డు పెట్టుకుంటాం.”

ఆయన వెళ్లాక ఆమె పియానో మీది గుడ్డ సర్దుతూ, “చర్చిలో ఆ స్టూలు మీద కూర్చోకపోతే ఆదివారమని నాకెట్ట తెలుస్తాదే?” అంది. నాకు ఏడుపు ఆగలేదు.

“ఈ ఆదివారం మీ పక్కన బెంచీలో నేను కూర్చుంటాను,” అని ఆమె చెవి దగ్గర చెప్పాను. “వెనకోళ్లు ఎట్ట పాడితే అట్ట నేనూ పాడతాను. నా గొంతు ఆగినాకే మీరు వేలు తీయండి.”

“నీది మాత్రం నాకు యాడ వినపడతాది?”

“నాది నగరి గొంతు కదా.”

ఆమె పకపకా నవ్వింది. “చెవిటోళ్ల ముందర శంఖం ఊదినట్టు అంటారే. ఊదు, సూద్దాం.”

ఆ ఆదివారం ఆమె బాగుచేసిన చెవులతో వెనక బెంచీలను వింటూ, మగ్గాలు ఇచ్చిన గొంతుతో పాడాను. పాట అనడం కంటే కేక అనడమే న్యాయం. ముందు వరస జనమంతా నావైపు తిరిగి చూశారు. నా గొంతు ఆగేదాకా ఆమె వేళ్లు లేవలేదు. మూడో పాటకు ముసలమ్మలంతా మళ్లీ పుస్తకాలు తెరిచారు. బయటికి వస్తూ సంఘపెద్ద, “పాప గట్టిగానే పాడింది” అన్నాడు. కీబోర్డు మాట మళ్లీ ఎత్తలేదు. నేను మతం మారానని నగరిలో చెప్పుకున్నారు. నాయన మాత్రం, “మారింటే గొంతన్నా తగ్గిండేది” అని కొట్టిపారేశాడు.

ఆమె ఇంటి మెట్లు దిగలేని స్థితి వచ్చేదాకా మా ఇద్దరికీ అలాగే సాగింది. చివరి రోజుల్లో అందరూ ఆమెకు సైగలు చేసేవారు. నేను గుమ్మంలోంచి “టీచరమ్మా” అంటే చాలు, కళ్లు తెరవకుండానే “నగరి వచ్చింది” అనేది.

ఆమె అంత్యక్రియల ఆరాధనలో పియానో నేనే వాయించాను. పక్క బెంచీ ఖాళీగా ఉంది. వాయిస్తూనే ఆ పాత గొంతుతో పాడాను, వెనకవాళ్ల దమ్ము అయిపోయేదాకా ఆగాను. ఆమెకు వినిపించే ఉంటుందని ఇప్పటికీ నమ్ముతాను.

ఇప్పుడు తిరుపతిలో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో గట్టిగా అరిచే పిల్ల ఒకతి ఎప్పుడూ ఉంటుంది. మెల్లగా అని నేననను. మీ ఇంట్లో ఏం మోగుతుందమ్మా అని అడిగి, పక్కన కూర్చోబెట్టుకుంటాను.