ఎండకు నిలిచిన టమాటా

ఆవిడ టమాటా మొక్కల మీద పరిశోధన చేసేది. సంస్థలో అందరూ ఆవిడను ‘టమాటక్క’ అనేవారు. మొదట్లో విసుక్కునేది, తరువాత అలవాటైపోయింది.

ఎండ ముదిరితే టమాటా పూత రాలిపోతుంది. వేడి తగలగానే మేలుకొని, మొక్కను కాపాడే పనులన్నీ పురమాయించే జన్యువు ఒకటుంది. దాన్ని ఎప్పుడూ మేలుకొనే ఉండేలా చేస్తే పూత నిలుస్తుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం వెంట తిరుగుతూనే నడివయసు దాటిపోయింది. మోకాళ్లు అరిగాయి. వంట, బట్టలు, కూతురి చదువు అన్నీ బస్సు డ్రైవరైన భర్త మీదే పడ్డాయి.

చివరికి ఆ జన్యువు ఎప్పుడూ మేలుకొని ఉండే మొక్కలు తయారయ్యాయి. ఆ వేసవి ఎండకు అవి నిలిచాయి. పక్క మడిలో మామూలు టమాటా పూతంతా రాల్చుకొని దిగాలుగా ఉంటే, ఆవిడ మొక్కలు గుత్తులు గుత్తులుగా కాశాయి. డైరెక్టరు సంబరపడి అందరికీ టీ ఇప్పించాడు.

తరువాత ముసురు పట్టింది. ఒక ఉదయం ఆవిడ వెళ్లేసరికి ఆకుల నిండా నల్లని మచ్చలు. చూస్తుండగానే తెగులు మడంతా పాకింది. పక్క మడికీ అదే తెగులు తగిలింది కానీ, ఆ మొక్కలు నాలుగాకులు పోగొట్టుకొని తట్టుకున్నాయి. ఆవిడ మొక్కలు మాత్రం నిలువునా ఎండిపోయాయి.

ఆకులు నూరి పరీక్షించాక సంగతి బయటపడింది. వేడి జన్యువు ఎంతకూ సద్దుమణగకపోవడంతో, తెగులు సోకినప్పుడు లేవవలసిన రక్షణ లేవనే లేదు.

“నివేదికలో ఎండ సంగతి వరకూ రాసి పంపేద్దాం మేడమ్. తెగులు వేరే విభాగం వాళ్లది కదా,” అన్నాడు డైరెక్టరు.

“రైతుకు ఆ ముక్క ఎవరు చెప్తారు సార్? విత్తనం మనదే కదా. రెండూ రాస్తాను.”

“రాస్తే పైవాళ్లు ప్రాజెక్టు ఆపేస్తారు.”

“ఆపేయనివ్వండి.”

ఆపేశారు. మొక్కలన్నీ పీకి తగలబెట్టమన్నారు. ఆవిడే దగ్గరుండి పీకించింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, జరిగిందంతా భర్తకు చెప్పింది.

“అన్నం పెట్టనా?” అన్నాడాయన.

“వద్దండీ. ఒళ్లంతా పుండులా ఉంది.”

“జన్యువుకు నిద్ర లేకుండా చేసి నువ్వూ నిద్ర మానేశావు. మీ ఇద్దర్లో ఒకరైనా పడుకోండి!”

ఆవిడకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

కొన్ని వారాలకు సంస్థలో ఒక మూలనున్న చిన్న గది అడిగి తీసుకొని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి జన్యువు ఎండలోనే లేవాలి, చల్లబడగానే అణగాలి. చేయిసాయం ఎవరూ లేరు. కుండీలు తనే మోసింది, నీళ్లు తనే పోసింది. ఒక్కోసారి మొలకలే రాలేదు. కూతురు ఉద్యోగంలో చేరింది. భర్త రిటైరై ఇంటిపట్టున ఉన్నాడు. ఆవిడ ఇంకా కుండీల మధ్యే ఉంది.

చివరికి ఒక రకం తేలింది. ఎండకు కొంత పూత రాల్చేది, తెగులుకు కొన్ని ఆకులు పోగొట్టుకునేది, అయినా కాపు ఆపేది కాదు. డైరెక్టరు ఒక కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మొదటి దానంత గొప్పగా లేదు మేడమ్.”

“లేదు సార్. ఎండాకాలం, వానాకాలం రెండూ దాటుతుంది, అంతే.”

“అయితే ఇదే పని వంగలో మొదలుపెడదామా?”

“ముందు నాకు సెలవు కావాలి సార్,” అంటూ గది తాళం ఆయన బల్ల మీద పెట్టి, కమ్మీ పట్టుకొని మెల్లగా మెట్లు దిగింది.