విడిపోయిన శివారుకి నీళ్లు

మా శివారు ఊరి నుంచి విడిపోయి వేరే పంచాయతీ కావాలా వద్దా అని మా శివారు వాళ్లకే గ్రామసభ పెట్టిన రోజున, మా ఇంట్లో ముగ్గురు ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. అత్తగారూ మావగారూ మా ఆయనా విడిపోవాలన్నారు. నేను వద్దన్నాను. పొద్దున్నే నేను పోసిన పెసరట్లే అందరం తిన్నాం. కలిసే నడిచి బడి ఆవరణకి వెళ్లాం. అక్కడికెళ్లాక మాత్రం వేరువేరుగా కూర్చున్నాం.

తొంభైల చివరి సంగతి ఇది. అప్పటికి నేను పంచాయతీలో మా వార్డు మెంబర్ని. ఆడవాళ్లకి కేటాయించిన సీటు కనక, మా వీధి కోడళ్లలో పదో తరగతి దాకా చదివింది నేనే కనక నన్ను నిలబెట్టారు. ఊరికీ మాకూ మధ్య పెద్ద మురుగుకాలవ, దాని మీద వంతెన. అవతల ఊరు, ఇవతల మేం. పంచాయతీ ఆఫీసు, మంచినీళ్ల చెరువు, ట్యాంకు అన్నీ అవతలి ఒడ్డునే.

గొడవ రొయ్యల చెరువులతో మొదలైంది. మా వైపు వరిచేల మధ్యన ఊళ్లోని ఆసాములు కొందరు చెరువులు తవ్వించారు. సముద్రం దగ్గర కావడంతో ఉప్పుటేటి నుంచి ఇంజన్లతో నీళ్లు తోడి నింపేవారు. చూస్తూండగానే మా నూతులు ఉప్పెక్కిపోయాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకడం మానేసింది. పెరట్లో అత్తగారు కాపురానికి వచ్చిన కొత్తలో నాటుకున్న కరివేపచెట్టు ఆకు రాల్చేసి మోడైపోయింది. పంచాయతీ మీటింగులో నేను లేచి అడిగితే ప్రెసిడెంటుగారు, "చూద్దావమ్మా, చూద్దాం" అని నవ్వేవారు. ఆ చూడ్డం ఎప్పటికీ అయ్యేది కాదు. మెంబర్లలో శివారు వాళ్లం ఇద్దరమే. మేం ఎంత అరిచినా వంతెన దాటి వినపడేది కాదు.

మన పంచాయతీ మనకుంటే మన చేలల్లో ఇంకో చెరువు తవ్వనివ్వం అన్నది విడిపోదామన్న వాళ్ల మాట. అందులో న్యాయం లేదని నేనెప్పుడూ అనలేదు. నా భయం వేరు. నూతులు పోయాక మేం తాగేది అవతలి చెరువు నీళ్లే. వంతెన కమ్మీలకి కట్టిన గొట్టంలోంచి వచ్చేవి. సభలో లేచి అదే అడిగాను.

"విడిపోయాక ఆ గొట్టం ఎవరిదండి?"

విడిపోదామన్న వాళ్లకి పెద్దదిక్కు నాకు వరసకి మరిది. ట్రాక్టరు నడుపుతాడు, మాట గట్టి. "అది మన హక్కు వదినా. ఎవడాపుతాడు?" అన్నాడు.

"హక్కయితే ముందు కాయితం మీద పెట్టిద్దాం. ఆ తరవాత విడిపోదాం."

"కాయితం కోసం కూచుంటే ఈలోగా మిగిలిన చేలు కూడా చెరువులైపోతాయి."

చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో మా అత్తగారు కూడా ఉన్నారు.

మండలాఫీసు నుంచి వచ్చిన అధికారి చేతులెత్తమన్నారు. వరసల మధ్య తిరిగి లెక్కపెట్టారు. తేడా మరీ తక్కువగా ఉందని మళ్లీ లెక్కపెట్టారు. రెండుసార్లూ విడిపోదామన్న వాళ్లే నెగ్గారు.

ఓటుతో గొడవ తీరుతుందనుకున్నాను. కాని అసలు గొడవ ఆ సాయంత్రమే మొదలైంది. వంతెన దగ్గర టీకొట్టులో రెండు బల్లలుంటే ఒకటి నెగ్గినవాళ్లదీ ఇంకోటి ఓడినవాళ్లదీ అయిపోయింది. కాలవ రేవులో బట్టలుతుక్కునే ఆడవాళ్లం కూడా రెండు గుంపులయ్యాం. ఒకరి ఇంట్లో ఓణీల ఫంక్షను జరిగితే విస్తళ్లు సగం మిగిలిపోయాయి. పిల్లలు బళ్లో "మీ నాన్న ఎటు?" అని ఒకళ్లనొకళ్లు అడిగేవారు. మా ఇంట్లో అరుచుకోలేదుగాని, అత్తగారు అన్నం పెట్టుకునేటప్పుడల్లా ఏదో ఒకటి అనేవారు.

"ఇంకా ఆ మొహమేంటే? నెగ్గింది మనవేగా."

"మీరు నెగ్గేరత్తయ్యా. నేనోడిపోయేను."

"ఒకింట్లో నువ్వేంటి, నేనేంటి?"

"ఇల్లొకటే. మాటొకటి కాదుగా."

ఆవిడ నవ్వి మజ్జిగ వేసుకునేవారు. మావగారు మాత్రం ఆ కబుర్లు మొదలైతే కంచం పట్టుకుని అరుగు మీదికెళ్లిపోయేవారు.

ఓ మధ్యాహ్నం మా పినమావగారు వచ్చారు. రిటైరైన మాస్టారు. విడిపోవద్దన్న మా అందరికీ పెద్ద. ఆయన వెనక మరో నలుగురు. లెక్క తప్పు జరిగిందని, మేజరు కాని పిల్లలు చేతులెత్తారని కలెక్టరుగారికి అర్జీ పెడతామన్నారు. మెంబరుని కనక మొదటి సంతకం నన్ను చెయ్యమన్నారు.

నేను కలం అందుకోలేదు. "పిల్లలెవరు ఎత్తేరండి? మీరు చూసేరా?" అన్నాను.

"చూసినవాళ్లున్నారమ్మా."

"మావయ్యగారూ, లెక్కపెట్టినంతసేపూ నేను ఆ అధికారి పక్కనే నడిచేను. వద్దన్నదాన్ని కనక ఒక్క తప్పు దొరుకుతుందేమోనని ఇంకా కళ్లు పెద్దవి చేసుకుని చూసేను. దొరకలేదండి. మనం ఓడిపోయేం."

ఆయన మొహం మాడిపోయింది. "అయితే నీ అభిప్రాయం మారిందన్నమాట."

"ఏం మారలేదండి. విడిపోవడం తప్పేనని రేపు వంతెన మీద నిలబడి చెప్పమన్నా చెప్తాను. కాని దొంగలెక్క అని మాత్రం అనను."

"నిన్ను మెంబర్ని చేసింది మేం."

"అవునండి. అందుకే అబద్ధం మీద సంతకం పెట్టి మీ పరువు తియ్యను."

ఆయన చెప్పులేసుకున్నారు. వెనకున్నవాళ్లలో ఒకాయన గుమ్మం దాటుతూ, "అటువైపు కలిసిపోయింది" అన్నాడు, నాకు వినపడాలనే. ఆ రోజు నుంచి ఓడినవాళ్లు నన్ను నమ్మడం మానేశారు. నెగ్గినవాళ్లు మొదట్నించీ నమ్మలేదు. రేవులో నేను ఏ మెట్టు మీద కూర్చున్నా పక్క మెట్టు ఖాళీ అయ్యేది. ఏడుపొచ్చేది. అయినా బట్టలు ఇంటి దగ్గర ఉతుక్కోలేదు. రోజూ అక్కడికే వెళ్లాను.

అర్జీ పెట్టారు, అది నిలబడలేదు. కొన్నాళ్లకి ఆర్డరు వచ్చింది. మాది వేరే పంచాయతీ అయింది. నా మెంబరు పదవి పోయింది.

వేసవి వచ్చింది. మా డెల్టాలో ఎండాకాలం పంటకాలవలు కట్టేస్తారు. అంతకు ముందే మంచినీళ్ల చెరువు నింపుకుంటే ఆ నీళ్లే మళ్లీ కాలవ వదిలేదాకా. కాలవ కట్టిన వారంలోనే ఒక పొద్దున్న మా కుళాయిలన్నీ బుస్సుమని గాలి కక్కి ఊరుకున్నాయి. అవతలి ఒడ్డున గేటువాల్వు బిగించేశారు. విడిపోయారు కనక ఎవరి నీళ్లు వాళ్లే చూసుకోవాలని ప్రెసిడెంటుగారు అన్నారట.

టీకొట్టు దగ్గర జనం పోగయ్యారు. మా పినమావగారి మనుషులు "చెప్పేమా లేదా" అంటున్నారు. మా మరిది కళ్లెర్రగా ఉన్నాయి. "వాళ్ల చేల మురుగు దిగే తూము మన వైపే ఉంది. ఇసకబస్తాలు పడేద్దాం. తొలకరికి వాళ్ల చేలు మునుగుతాయి. ఆ భయానికి వాళ్లే వచ్చి వాల్వు తిప్పుతారు" అన్నాడు. కుర్రాళ్లు అప్పుడే బస్తాలకి బయల్దేరారు.

"తూము జోలికెళ్లొద్దు" అన్నాను.

"నువ్వు మాట్లాడకొదినా. నువ్వు వద్దన్నదానివి."

"వద్దన్నాను. అయినా ఈ పంచాయతీలోనే బతకాలి, నేనూ నా పిల్లలూ. నీళ్లాపడం తప్పని ఇప్పుడు అరుస్తున్నాం. నీళ్లకడ్డంగా బస్తాలు వేసి రేపు ఏ నోటితో అరుస్తాం?"

"మరేం చెయ్యమంటావ్?"

"ఎళ్లి అడుగుదాం. అందరం. అటూ ఇటూ అనకుండా."

ఎవరూ కదల్లేదు. అప్పుడు మా అత్తగారు గుంపులోంచి ముందుకొచ్చారు. చేతిలో ఖాళీ బిందె. "అది అప్పుడే అడిగింది, గొట్టం ఎవరిదని. నేను చప్పట్లు కొట్టేను. పదండి, నేనొస్తాను" అన్నారు. మరిదివైపు చూసి, "ఒరేయ్, విడిపోవడం మంచిదేనని ఇప్పటికీ అంటాను. కాని నాకు దాహవేస్తోంది" అన్నారు.

ఎండ నెత్తికెక్కే వేళకి బిందెలతో ఆడవాళ్లం వంతెన దాటాం. నిన్నటిదాకా పక్కన కూర్చోనివాళ్లు నా పక్కనే నడిచారు. పంచాయతీ ఆఫీసు మెట్ల మీద బిందెలు వరసగా పెట్టి కూర్చున్నాం. ప్రెసిడెంటుగారు బయటికొచ్చారు.

"విడిపోయేరు కదమ్మా. ఇంకా మా నీళ్లెందుకు?"

"చేతులెత్తింది పంచాయతీ కోసమండి, నీళ్లు వద్దని కాదు. ఆ చెరువు తవ్విన రోజుల్లో మా మావగారు మట్టి మోసేరు. మీ నాన్నగారి పక్కనే మోసేరు."

"అది పాత మాట."

"కొత్త మాట కూడా చెప్తానండి. మీ చేల మురుగు దిగేది మా తూములోంచి. పొద్దున్న దాన్ని మూసేస్తామని మావాళ్లు బయల్దేరితే ఆపి వచ్చేం. ఎప్పుడూ మూయనివ్వం. ఆ మాట ఇవ్వడానికి కూడా వచ్చేం. మీరు కూడా ఒక మాటివ్వండి."

ఆయన విసురుగా వెనక్కి తిరిగారు. లోపలికి వెళ్లారు, బయటికొచ్చారు. తన వాళ్లతో అరుచుకున్నారు. వాళ్లలో సగంమంది వాల్వు తిప్పొద్దంటున్నారని మాకు వినపడుతూనే ఉంది. మేం లేవలేదు. ఆఫీసు పక్కింటావిడ మజ్జిగ పట్టుకొచ్చి అందరికీ పోసింది. మధ్యాహ్నం దాటాక ఆయన విసుగ్గా, "పూటకో గంట వదుల్తాం. మీ చెరువు మీరు తవ్వుకునే వరకే" అన్నారు. చాలదని తెలుసు. అయినా ఒప్పుకున్నాం. తూము మాటా కుళాయి మాటా రెండూ ఆ రోజే రాసి, రెండు వైపులవాళ్లం సంతకాలు పెట్టాం.

కొత్త పంచాయతీకి ఎలక్షన్లు వచ్చాయి. ఈసారి ఆడవాళ్ల సీటు పక్క వార్డుకి పడితే నేను మళ్లీ అక్కడ నిలబడ్డాను. అంతకంటే ముందు పినమావగారింటికి వెళ్లి ఆయన్నీ నిలబడమన్నాను. ఆయన నా మొహం చూడకుండానే, "నేనొప్పుకోని పంచాయతీలో నేను కూచోవాలా?" అన్నారు.

"ఒప్పుకోనివాళ్లే లోపల ఉండాలండి. లేకపోతే అడిగేవాళ్లెవరు?"

"నీకు వాళ్ల ఓట్లు పడతాయి. నాకెవరేస్తారు?"

"మా అత్తగారు వేస్తారు. మా ఇల్లు మీ వార్డులోనేగా. అడిగే వచ్చేను."

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఇద్దరం గెలిచాం. మా మరిది ప్రెసిడెంటయ్యాడు.

మొదటి మీటింగులోనే చేలల్లో కొత్త రొయ్యల చెరువులకి అనుమతి లేదని తీర్మానం చేశాం. పాత పంచాయతీలో నేను ఎన్నిసార్లు లేచినా జరగని పని అది. ఆ మాట అందరి ముందూ ఒప్పుకున్నాను. ముందు నీళ్ల సంగతి తేల్చుకుని విడిపోవాల్సిందని కూడా అదే మీటింగులో మళ్లీ అన్నాను. మరిది, "ఇంకా వదల్లేదా వదినా!" అని తల పట్టుకున్నాడు. వదల్లేదు. ఆ తరవాత ఏ మీటింగులోనూ వదల్లేదు.

మా సొంత చెరువుకి జాగా దొరకడానికి ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ పూటకి గంట నీళ్లతోనే బతికాం. చివరికి తవ్వకం మొదలైన రోజున శివారు శివారంతా అక్కడే ఉంది. కాలవ నీళ్లు లోపలికొచ్చే తూము ఉత్తరాన పెట్టాలని మరిది, తూర్పున పెట్టాలని పినమావగారు పట్టుబట్టారు. గొంతులు లేచాయి. జనం రెండుగా చీలారు. ఈసారి నేను మరిది వైపు, మా అత్తగారు పినమావగారి వైపు. వాళ్లు అరుచుకుంటూ ఉండగానే తట్టలు పట్టినవాళ్లు మట్టి ఎత్తి గట్టు మీద పోస్తూనే ఉన్నారు. మేం కూడా కాసేపు అరిచి, కొంగులు బిగించి తట్టలందుకున్నాం.