కాగితం మీద లేని లైను

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. జైనూర్ దగ్గర అడవిలో ఒంటరిగా కట్టెలు కొట్టి మోసుకొచ్చినదాన్ని. ఇది దయ్యం సంగతి కూడా కాదు. ఏమిటో నాకే తెలియదు.

నన్ను అవ్వా అని పిలిచే నా కూతురు మంజుల కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో హార్ట్-లంగ్ మిషన్ నడపడం నేర్చుకుంటోంది. గుండె ఆపి ఆపరేషన్ చేసినంతసేపు రోగి రక్తాన్ని తిప్పేది, దానికి ఆక్సిజన్ అందించేది ఆ మిషనే. మొదలుపెట్టే ముందు ఒకరు సరిచూడాల్సిన వాటి జాబితా చదవాలి, ఇంకొకరు చెయ్యి పెట్టి చూసి జవాబు చెప్పాలి. సోమవారం నాడు, జాబితా చూడకుండా మొత్తం సరిగ్గా అమర్చితేనే మిషన్ నడపనిస్తానని వాళ్ల సారు అన్నాడు. రెండేళ్లుగా మంజుల ఆ రోజు కోసమే చూస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం మా అద్దె గదిలో సాధన మొదలుపెట్టాం. ఇంగ్లీషు జాబితాను నాకోసం తను తెలుగులో రాసింది. చదివేది నేను. యాభై దాటాక మహిళా సంఘంలో అక్షరాలు దిద్దినదాన్ని. ఇప్పటికీ వేలు పెట్టి కూడబలుక్కుంటేనే మాట వస్తుంది.

పన్నెండో లైను చదివాను: "ఆక్సిజన్ గొట్టం రెండు కొసలూ గుంజి చూడాలి."

మంజుల పకపకా నవ్వింది. "అవ్వా, సొంతంగ కలుపుతున్నవా? అది నేను రాయనే లేదు."

"కలిపి చదివేటంత సదువు నాకు యాడిది బిడ్డా?"

ఇద్దరం కాగితం మీదికి వంగి చూశాం. నిజమే, లేదు. నా వేలు ఉన్నచోట మిషన్‌లో నీళ్ల వేడి గురించి ఉంది.

సోమవారం పొద్దున అన్నీ చూశాక మంజులకు నా మాట గుర్తొచ్చి గొట్టం గుంజిందట. ఒక కొస ఊడి చేతిలోకొచ్చింది! రోగిని అప్పటికింకా మిషన్‌కు కలపలేదు. సారు అసలు జాబితా తెప్పించాడు. అందులో పన్నెండోది అదే. మంజుల రాసుకునేటప్పుడు ఆ ఒక్కటీ దాటేసింది.

"మరి నీకెట్ల యాదికొచ్చింది?" అన్నాడట సారు.

"మా అవ్వ చదివింది సార్."

మధ్యాహ్నం ఫోన్‌లో దాని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "అవ్వా, సారు పక్కన నిలబడ్డడు, నేనే నడిపిన! గుండె మళ్ల కొట్టుకున్నది, నా కండ్లతోని చూసిన!" నేను పొయ్యి మీద కూర సంగతే మరిచిపోయాను.

ఆసుపత్రి జాబితా నేనెప్పుడూ చూడలేదు. చూసినా ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. మంజుల రాసిన కాగితాన్ని తర్వాత ఎన్నోసార్లు వెలుతురుకు పట్టుకుని చదివాను. ఆ లైను మళ్లీ కనిపించలేదు. కానీ ఆ ఆదివారం 'గుంజి' అన్న మాటలో సున్నా దగ్గర నా వేలు కాసేపు ఆగింది. కాగితం మీద ఆ సున్నాయే లేనప్పుడు, వేలు దేని మీద ఆగిందో ఈనాటికీ చెప్పలేను.