మేకుకు మిగిలిన బిళ్ళ

మా ఇంటి గుమ్మం పక్కన గోడకు మూడు మేకులున్నాయి. వచ్చినవాళ్ళు తాళంచెవుల కోసం అనుకుంటారు. నేను వివరించను. వివరిస్తే చాయ్ చల్లారిపోయేంత కథ.

మేం బాపు అని పిలిచే మా నాన్న గోదావరిఖనిలో బాయి పని చేసిన మనిషి. ఇక్కడ బాయి అంటే నీళ్ళ బావి కాదు, బొగ్గు గని. వయసులో ఉన్నప్పుడు లోపల పనిచేశాడు. నడుముకు దెబ్బ తగిలాక పైన ల్యాంపు రూములో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను అక్కడ ఇచ్చి, అదే నంబరు తలలైటు తీసుకుని దిగేవాడు. షిఫ్టు అయ్యాక లైటు అప్పగించి తన బిళ్ళ తాను పట్టుకుపోయేవాడు. బిళ్ళలు తగిలించే పలక మీద ఒకటి మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. రిటైరయ్యేదాకా బాపు పని ఆ పలకను చూసుకోవడమే.

చిన్నప్పుడు సెలవుల్లో ఆయనకు సద్ది డబ్బా నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఒకసారి షిఫ్టు వదిలి జనమంతా వెళ్ళిపోయినా బాపు డబ్బా మూత తియ్యలేదు. పలక వైపే చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఒక్క బిళ్ళ వేలాడుతోంది.

"తినవా బాపూ?" అన్నాను. ఆయన తింటే గానీ నాకు ముద్ద పెట్టడు, నాకేమో కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

"ఒకాయన రావాలె బిడ్డా" అన్నాడు.

చాలాసేపటికి ఒక మనిషి కుంటుకుంటూ వచ్చాడు. పైకి నడిచి వస్తుంటే కాలు మడతపడిందట. బాపు లైటు తీసుకుని బిళ్ళ ఆయన చేతిలో పెట్టి, "గింత ఆల్శమైతే ఎట్ల తమ్మీ? ఇంట్ల ఎదురుసూస్తరు గద" అని కసిరాడు. అప్పుడు డబ్బా తెరిచాడు.

అలాంటి మా బాపుకు ఇప్పుడు మతిమరుపు వచ్చింది. దవాఖానలో డాక్టరు దానికో పేరు చెప్పి, తగ్గేది కాదు, కనిపెట్టుకుని ఉండండి అన్నాడు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. అవ్వ, అంటే మా అమ్మ పేరు ఒకపూట గుర్తుంటే ఇంకోపూట ఉండదు. ఉన్నట్టుండి చెప్పులేసుకుని బయల్దేరతాడు. ఎక్కడికి అంటే "డ్యూటీకి" అంటాడు. మా దగ్గర ఎండలు ముదిరాయంటే గట్టి మనుషులే సొమ్మసిల్లి పడిపోతారు. దారి తప్పిన ముసలాయన ఆ ఎండలో ఎంతసేపు నిలబడగలడు? మా భయమంతా అదే.

నేనిక్కడే ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగి అడిగి చుట్టాలే అలిసిపోయారు. మార్కెట్లోకి వచ్చిన ప్రతి కొత్త వస్తువునూ ఇంట్లోకి తేవడం నా జబ్బు. బాపు కోసం మొదట గుమ్మం మీద కెమెరా పెట్టించాను. మనుషులను గుర్తుపడుతుందని దాని డబ్బా మీద రాసి ఉంది. అది పాలాయననూ, గోడ మీది పిల్లినీ ఒకే ఉత్సాహంతో గుర్తుపట్టి నా ఫోనుకు కబురు పెట్టేది. తర్వాత ఎక్కడున్నాడో చెప్పే గడియారం తెచ్చి బాపు చేతికి కట్టాను. "గీ సంకెల నాకెందుకే" అని విప్పి నీళ్ళ బకెట్లో వేశాడు.

చివరికి ఫోన్లో ఏఐని అడిగాను. తెలుగులోనే అడిగాను, తెలుగులోనే చెప్పింది. "మీ నాన్నగారికి ఎంతోకాలంగా అలవాటైన వస్తువుకు ట్రాకర్‌ను జోడించి చూడండి. ఆయన దాన్ని సులభంగా అంగీకరించవచ్చు" అంది. పక్కన కూర్చుని వింటున్న అవ్వ ముక్కున వేలేసుకుంది.

"ఎంత మర్యాదున్నదే దీనికి! నీకంటె నయం" అంది.

ఆ రోజు నుంచి నేను బడికి పోయే ముందు అవ్వ నా ఫోను లాక్కుని దానితో ముచ్చట పెట్టేది. మోకాళ్ళ నొప్పులని చెప్పుకుంటే ఓపిగ్గా విని, వ్యాయామాలు చెప్పి, డాక్టరుకు చూపించుకోమనేది. "మంచిగనే చెప్తది గని నూనె రాయదు" అని అవ్వ తీర్పు.

అలవాటైన వస్తువు అనగానే నాకు బిళ్ళ తట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. రూపాయి కంటే కాస్త పెద్దదైన గుండ్రటి ట్రాకర్ తెప్పించి, మెడలో వేసుకునేలా తాడు కట్టి, గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాను.

"బాపూ, గిది నీ బిల్ల. బయటికి పొయ్యేటప్పుడు మర్చిపోకు."

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "నంబరేది?" అన్నాడు. స్కెచ్ పెన్నుతో ఒకటి అని రాశాను. తృప్తిగా తలాడించి తనే మేకుకు తగిలించాడు. గడియారాన్ని నీళ్ళలో ముంచిన మనిషి దీన్ని ఇంత గౌరవంగా చూసేసరికి పొంగిపోయాను. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు పిల్లలకు భిన్నాలు చెబుతుంటే అవ్వ ఫోను చేసింది.

"మీ బాపు కనిపిస్తలేడే."

ఫోన్లో మ్యాపు తెరిచాను. ట్రాకర్ చుక్క నిక్షేపంగా మా ఇంటి మీదే ఉంది. "ఇంట్లనే ఉన్నడు అవ్వా. బాత్రూంల సూడు" అన్నాను.

"సూసిన."

"మంచం కింద సూడు."

"మంచం కింద పండుకుంటడా మీ బాపు? మిద్దె మీద సూసిన, పెరట్ల సూసిన." అవ్వ గేటు తీసిన చప్పుడు వినిపించింది. "ఫోన్ల ఉన్నడు గని ఇంట్ల లేడే బిడ్డా."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మాది తిరగబడింది. బిడ్డ ఊరి మీద పడితే మేం చంకలో వెతుకుతున్నాం. స్కూటీ మీద ఇంటికి వచ్చి పడ్డాను. గుమ్మంలో అడుగు పెట్టగానే కనిపించింది, మేకుకు వేలాడుతూ బిళ్ళ.

మా కాలనీకి ఒక వాట్సాప్ గ్రూపుంది. రోజూ గులాబీ పూలు, శుభోదయాలు తప్ప ఏమీ ఉండవని నేను ఎన్నడూ తెరవను. ఆ రోజు అందులోనే బాపు ఫోటో పెట్టాను. అవ్వ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతోంది. కాసేపటికి ఒక ఆటో అన్న ఫోను చేశాడు. వెనకట డ్యూటీ బస్సు ఆగే షెడ్డులో కూర్చున్నాడని, నీళ్ళు తాగించానని, జల్ది రమ్మని. పూలు పంపేవాళ్ళందరికీ ఆ పూట మనసులోనే దండం పెట్టుకున్నాను.

షెడ్డు రేకులు నిప్పులు చెరుగుతున్నాయి. బాపు చొక్కా తడిసిపోయింది, పెదవులు తెల్లబడ్డాయి. మనిషి దొరికాడన్న సంతోషం కంటే ముందు నాకు కోపం వచ్చింది. నా స్వభావమే అంత.

"బిల్ల ఎందుకు తీస్కపోలె బాపూ? ఎన్నిసార్లు చెప్పిన?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"బిల్ల ఎవడన్న తీస్కపోతడా? బిల్ల పెట్టి పోవాలె. లైటు తీస్కపోవాలె." ఆటో అన్న వైపు తిరిగి ఫిర్యాదు చేశాడు. "లైటు ఇయ్యనే లేదు వీళ్ళు."

ఆటోలో ఇంటికి వస్తూ దారిపొడుగునా ఏడ్చాను. నేను చెప్పినట్టే ఆయన బిళ్ళను మర్చిపోలేదు. బిళ్ళ మేకుకే పెట్టి, తాను ఇంకా పైకి రాలేదని మాకు తెలిసేలా చేసే వెళ్ళాడు. ఏఐ చెప్పిన దాంట్లో తప్పు లేదు. బిళ్ళ పైనే ఉంటుంది, మనిషి వెంట పోయేది లైటు అన్న సంగతి దానికి నేను చెబితే కదా. నాకే తట్టలేదు.

మర్నాడే పట్టీ ఉన్న చార్జింగు టార్చి ఒకటి కొన్నాను. అవ్వ చిన్న గుడ్డసంచి కుట్టి, ట్రాకరును అందులో పెట్టి పట్టీకి కుట్టేసింది. ఆ రోజు నుంచి బాపు టార్చి లేకుండా గడప దాటలేదు. మిట్టమధ్యాహ్నం భుజాన టార్చితో పోతుంటే వీధిలో వాళ్ళు, "ఏం కాకా, ఎండ సాలుతలేదా?" అని నవ్వేవారు. "బాయిల ఎండెక్కడిది?" అనేవాడు. మ్యాపులో చుక్క ఆయన వెంటే నడిచేది. నేనో అవ్వో వెనకాల నడిచేవాళ్ళం.

అయితే మేకు ఖాళీగా ఉండటానికి బాపు ఒప్పుకోలేదు. పాత రేకు డబ్బా మూత కత్తిరించి బిళ్ళలు చేశాడు. ఒకటి కాదు, మూడు. మేకుతో వాటి మీద నంబర్లు గీశాడు. ఆయనది ఒకటి, అవ్వది రెండు, నాది మూడు. ఇంకో రెండు మేకులు కొట్టమన్నాడు. నేను బడికి పోయేటప్పుడు నా బిళ్ళ తగిలించకపోతే గుమ్మానికి అడ్డం నిలబడేవాడు. పోనీలే, ముసలాయన సంతోషం అనుకుని తగిలించేదాన్ని. సాయంత్రం వచ్చాక ఆయనే తీసి చేతికిచ్చేవాడు.

వానాకాలంలో ఒకరోజు ట్రైనింగుకని మంచిర్యాల పోయాను. తిరిగి వస్తుంటే గోదావరి బ్రిడ్జి మీద లారీ ఆగిపోయి బస్సులు కదల్లేదు. అవ్వకు ఫికర్ లేదు. నా ఫోను ఎక్కడుందో తన ఫోన్లో చూడటం నేర్చుకుంది. "బ్రిడ్జి మీదున్నవ్ గద, సూస్తున్న. మెల్లగ రా" అంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది, తుంపర పడుతోంది. బాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో టార్చి వెలుగుతోంది. వెనక వరండాలో అవ్వ గొణుగుతోంది.

"బ్రిడ్జి మీదున్నదని ఫోన్ల సూపిచ్చిన. ఇంటనా? బిల్ల ఉన్నది, బిల్ల ఉన్నది అంటడు. అన్నం సుత ముట్టలె."

"బాపూ, వచ్చిన" అన్నాను.

టార్చి నా ముఖం మీదకు ఎత్తాడు. ఆ వెలుగు వెనక ఆయన కళ్ళు నా ముఖమంతా వెతికాయి. దొరకలేదు. అంతకుముందు ఎన్నడూ నన్ను మరిచిపోలేదు. ఆ రోజే మొదలు.

"నీ నంబరెంత?" అన్నాడు.

"మూడు" అన్నాను.

లోపలికి నడిచి, మేకు నుంచి బిళ్ళ తీసి, నంబరు వేలితో తడిమి చూసి, నా చేతిలో పెట్టాడు.

"గింత ఆల్శమైతే ఎట్ల తల్లీ? ఇంట్ల ఎదురుసూస్తరు గద" అన్నాడు.

తర్వాత అవ్వ వైపు తిరిగి, అందరూ పైకి వచ్చిన్రు, ఇగ అన్నం పెట్టుమన్నాడు.