వాటం చూసే మేస్త్రీ

మా ఆయన పైపుల మేస్త్రీ. ముప్పై ఏళ్లు పరాయి ఇళ్ల తూములన్నీ బాగుచేసి, ఆఖరికి తన గొంతు దగ్గర బోల్తా కొట్టాడు.

మూడేళ్ల కిందట, తిన్న ముద్ద గుండెల దగ్గర ఆగడం మొదలైంది. ఆసుపత్రికి పోదామన్నాను. వింటేగా!

"వాటం చాలట్లేదే, పైపుకి వాలు తక్కువైనట్టు, అంతే. పైనుంచి నీళ్లు పోస్తే అదే దిగుతుంది."

ఇక నిలబడే తిండి. ముద్దకో గ్లాసు నీళ్లు. తిన్నాక అది కిందికి జారాలని మడమల మీద ఎగిరెగిరి దిగేవాడు. "నాన్నా, గిన్నెలు అదురుతున్నాయి!" అని కూతురు పడీ పడీ నవ్వేది. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మనిషి చిక్కి సగమయ్యాక, పడుకుంటే తిన్నది నోట్లోకి ఎదురు రావడం మొదలయ్యాక, ఈడ్చుకెళ్లాను. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించింది.

"అన్నవాహిక ఉత్త గొట్టం కాదు మేస్త్రీగారూ. దాని గోడల్లో కండరాలుంటాయి. ముద్ద వెనకాల బిగుసుకుంటూ, ముందు వదులవుతూ కిందికి నెట్టుకుపోతాయి. తలకిందులుగా ఉన్నా ముద్ద కడుపులోకే పోతుంది. కడుపు మొదట్లో మూతలా ఉండే కండరాల బిగువు కూడా సమయానికి వదలాలి. మీకు నెట్టడమూ లేదు, వదలడమూ లేదు."

"మరి నీళ్లు తాగితే దిగేదమ్మా?"

"బరువుకి కొంత దిగింది. మిగతాది నిలిచిపోయి గొట్టాన్ని సాగదీసింది. మొదట్లోనే వస్తే ఆ బిగువు వదులు చేసేవాళ్లం. ఇప్పుడు ఆపరేషన్‌కి మీ గుండె తట్టుకోదు."

మూసుకుపోయిన తూములో ఎవరైనా నీళ్లు పోస్తే, విప్పి చూడకుండా ఎవడు పొయ్యమన్నాడని తిట్టిపోసే మనిషి. ఆ ఎక్స్‌రేలో ఉబ్బిన గొట్టాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

పొట్టకు రంధ్రం పెట్టి సన్న ట్యూబు వేశారు. నోటితో ఒక్క మెతుకు కూడా వద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుందట. కూతురి కంచంలోంచి ముద్ద లాక్కుని తినకపోతే తోచని మనిషికి ఇదీ తీర్పు. మేం తినే వేళకు లేచి వాకిట్లోకి పోయేవాడు.

నిన్న మధ్యాహ్నం ఆ ట్యూబుకు తగిలించిన గరాటులో జావ పోస్తుంటే దిగలేదు.

"చెయ్యి పైకెత్తవే. వాటం చాలదు."

ఎత్తాను. గటగటా దిగిపోయింది. ఆయన ముఖం వెలిగింది.

"చూశావా? నేను చెప్పలా!"

కాసేపు ఖాళీ గరాటు వంక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంతకీ, ఇవాళ నేనేం తిన్నానే?"