చిన్నాయన విస్తరిలో వాన

నా చిన్నప్పుడు పుదుచ్చేరిలో మా చిన్నాయనంత గొప్ప ఇంటి యజమాని లేడని మా చిన్నాయన ఒక్కడే అనుకునేవాడు. మురుంగపాక్కం దారిలో మా తాతయ్య కట్టించిన వరస పెంకుటిళ్ళు అద్దెకు ఉండేవి. మా అవ్వ వాటిని ఆయన చేతికిచ్చి చూసుకోమంది. ఆయన చూసుకున్నది వీధిగోడలను. తెల్లదొరల వీధుల్లో ఇళ్ళకుమల్లే వాటికి పసుపురంగు పూయించి, పుష్‌పుష్ బండిలో కూర్చుని, వెనకనుంచి ఒక మనిషి తోస్తూ ఉంటే వాటి ముందు నిదానంగా ఊరేగేవాడు. లోపల ఏముందో చూడటానికి బండి దిగిన పాపాన పోలేదు.

చివరి ఇంట్లో ఒక మిల్లు పనివాడు, నిండుచూలాలైన భార్యతో ఉండేవాడు. వాన కారుతోంది, పెంకులు సర్దించమని అడిగాడు. అదే అతను చేసిన నేరం. అడిగేవాణ్ణి ఉండనిస్తే రేపు అందరూ అడుగుతారట! దీపావళి లోపల ఖాళీ చేయమన్నాడు చిన్నాయన. ఆయనకు తెలిసిన యాజమాన్యం అంతే. ఆ అక్క మా ఇంటికొచ్చి, "ఈ కడుపుతో యాడికి పోయేది అవ్వా?" అని మాత్రం అడిగింది.

అవ్వ దేవుడి దీపంలో వత్తి సర్ది, "రేపు మీ ఇంట్లో మాకు అన్నం పెట్టు తల్లీ, బియ్యం పప్పు నేను పంపిస్తా" అంది.

మర్నాడు జోరున వాన. తల్లి మాట కాదనలేక చిన్నాయన ఇస్త్రీ చొక్కాతో ఆ చివరి ఇంటికి వచ్చి, అవ్వకూ నాకూ పక్కన కూర్చున్నాడు. ఆ అక్క అన్నం పెట్టి చారు పోసింది. చారులో టప్పుమని ఒక చుక్క పడింది. ఆయన విస్తరి పక్కకు లాక్కున్నాడు. అక్కడా పడింది. గోడ వారకు జరిగితే వీపు మీద పడింది.

"ఏందిమా ఇది, మనిషి తినేదెట్ల?"

"బయట పసుపు గోడ బాగుంది గదరా, దాన్ని తలుచుకుని తిను."

"రేపే పెంకులు సర్దిస్తాలేమా."

"వానలో ఎవుడెక్కుతాడురా పైకి? ఎండల్లో చేయాల్సిన పని ఇది. కారతా ఉందని చెప్పినోడు నీ దూలాలు పుచ్చిపోకుండా కాచినాడు. వాణ్ణి తరుముతావా?"

నాకు నవ్వాగలేదు. ఆ అక్క నవ్వలేదు. చేట తెచ్చి, తన వీపు తడుస్తున్నా, చిన్నాయన విస్తరికి అడ్డంగా పట్టుకుని నిలబడింది. తనను వెళ్ళగొట్టబోయే మనిషి అన్నం తడవకూడదని! ఆ మహానుభావుడు తల ఎత్తకుండా తిన్నాడు.

అవ్వ అది చూసింది. వానలు వెలిసేదాకా ఆ మొగుడూ పెళ్ళాలను మా ఇంట్లో చిన్నాయన గదిలో ఉంచింది. అప్పటికింకా పెళ్ళికాని చిన్నాయనను వాళ్ళ కారే ఇంట్లో పడుకోమంది. పాప ఆయన గదిలోనే పుట్టింది. ఖాళీ చేయమన్న మాట చిన్నాయన మళ్ళీ ఎత్తలేదు. ఆ ఎండాకాలం ఆయన ఎవరూ చెప్పకుండానే ఇళ్ళన్నిటికీ పెంకులు సర్దించాడు. ధర్మం తెలిసి కాదు, వీపు తడిసి.

ఇప్పుడు ఆ ఇళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఇంట్లో దిద్దుకున్న నాలుగక్షరాలే నా చదువు. అయినా, ఏ ఇల్లయినా అద్దెకిచ్చే ముందు ఒక వానపూట అందులో కూర్చుని అన్నం తింటాను. మొదటి ముద్దకు ముందు పెరుమాళ్ళకు, అవ్వకు, చేట పట్టిన ఆ అక్కకు దండం పెట్టుకుంటాను. కళ్ళు తెరవగానే పైకప్పు కేసి చూస్తాను.