గుర్తు వేరైన రొట్టె

మా వీధిలో ప్రతి ఇంటి రొట్టెకీ ఒక గుర్తు ఉంటుంది. పొద్దున్నే ఆడవాళ్లు పిండి పిసికి, తమ గుర్తు నొక్కి, చెక్కపలక మీద సర్ది కాల్చడానికి నా పొయ్యికి పంపుతారు. మొరాకోలోని ఈ మెక్నెస్ పాతపట్నంలో నలభై ఏళ్లు ఈ మంట ముందు నిలబడి నా నడుం వంగిపోయింది.

బతూల్ రైల్వే గుమాస్తా కూతురు. చిన్నప్పుడు పలక నెత్తిన పెట్టుకుని వచ్చి, రొట్టెలు కాలేదాకా నా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పించుకునేది. తర్వాత ఫ్రాన్సులో చదువు, లియోన్‌లో పెళ్లి, విడాకులు. పగలంతా ఆఫీసులో ఎవరివో అర్జీలు తర్జుమా చేయడం, తెల్లవారుజామున నవలలు రాయడం. మొదటి నవల వాళ్లమ్మ గురించి, రెండోది లియోన్‌లో మెట్లు తుడిచే మా ఆడవాళ్ల గురించి. అక్కడ ఆమెను మొరాకో రచయిత్రి అంటారట. ఇక్కడ మావాళ్లు ఫ్రెంచి దొరసాని అంటారు. ఏటా వేసవికి వచ్చేది, ఏటికేడు అలసిపోయి వచ్చేది.

మూడో నవల నా పొయ్యి గురించి. తప్పు నాదే, నోరు ఊరుకోక బతూల్‌కి ఒక మాట చెప్పాను. విధవరాలు రకియా నలుగురు పిల్లలతో పస్తులున్న రోజుల్లో ఆమె పలక మీద మూడు పల్చటి రొట్టెలే వచ్చేవి. వేరే ఇళ్ల నుంచి కాల్చిన కూలిగా నా వంతుకు వచ్చిన రొట్టె ఒకటి వాటిలో కలిపి పంపేవాణ్ణి. ఆమెకు తెలియదనే నా నమ్మకం. రకియా కూతురు పంతులమ్మ. నవల కొని తల్లికి చదివి వినిపించింది. మర్నాటి నుంచి రకియా పలక రాలేదు. కొట్లో రొట్టె కొనుక్కుంటోందని వీధంతా గుసగుసలు.

సంగతి తెలిసి బతూల్ పరుగెత్తుకొచ్చింది. "పేరు మార్చాను కదా బాబాయ్!"

"మారిస్తే? నలుగురు పిల్లల్ని పెట్టుకుని ఈ వీధిలో ఇంకెవరు ఏడ్చారే?"

ఇద్దరం రకియా ఇంటికి వెళ్లాం. టీ పోసింది. మర్యాదలో లోటు చేయలేదు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"బాగా రాశావటగా, దొరసానీ. ఒక్కటే తప్పు. ఆవిడకి తెలీదని రాశావు." నా వైపు తిరిగింది. "అల్లాల్, నా రొట్టె మీద ఐదు చుక్కలు. నువ్వు కలిపినదాని మీద నెలవంక. నా చేతి రొట్టె నాకు తెలీదా? మొదటి రోజే తెలిసింది. నువ్వు నోరెత్తవన్న ధైర్యంతో పిల్లలకి పెట్టాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ దాచింది నేను కాదు, ఆమె.

బతూల్ ఏడ్చేసింది. "ఇప్పుడేం చెయ్యను అత్తా?"

"ఏం చేస్తావులే, అచ్చయిపోయింది. టీ తాగు, చల్లారిపోతోంది."

ఆ పలక మళ్లీ రాలేదు. ఈ వేసవి బతూల్ వచ్చి పాత అరుగు మీదే కూర్చుంది. రొట్టెలు కాలేదాకా కూర్చుంది. కబుర్లు అడగలేదు. నేనూ చెప్పలేదు.